మేం పెట్టిన రాయి

మా రాంగోపాల్‌పేటలో మనిషి నడవడానికి చోటు లేదు. కోపంతో అంటున్న మాట కాదిది, కోపంతో అన్న రోజులు అయిపోయాయి. ఫుట్‌పాత్ లేదా అంటే ఉంది. దాని మీద ఇనప సామాన్ల షాపు వాళ్ల పైపులుంటాయి. పైపుల పక్కన మోటారు సైకిళ్లు, వాటి పక్కన మిర్చి బజ్జీల బండి, బండి చుట్టూ బజ్జీలు తినేవాళ్లు. మిగిలిన జానెడు చోటులో మ్యాన్‌హోల్ మూత, అదీ సగం విరిగింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ జానెడు చోటులోంచే నేను కూరగాయల సంచులు మోశాను, చంటిపిల్లని చంకనేసుకుని తిరిగాను. ఏనాడూ పట్టించుకోలేదు. కాళ్లు బాగున్నన్నాళ్లూ దారి సంగతి ఎవరికి కావాలి. మా ఆయనకి పక్షవాతం వచ్చాక తెలిసింది, గుమ్మం దిగితే కాలు పెట్టడానికి మాకు నేల లేదని.

ఆయన నడకకు పెట్టింది పేరు. విజయనగరం వైపు నుంచి నేను సికింద్రాబాదు కాపురానికి వచ్చిన కొత్తలో, ఆటో ఎక్కుదామండీ అంటే, "ఆటో ఎందుకే, ఇక్కడికే కదా" అంటూ ప్యారడైజ్ దాకా నడిపించేవారు. ఆఫీసుకి నడక, కూరలకి నడక, కోపం వచ్చినా నడకే. నాతో పోట్లాడి, చెప్పులేసుకుని విసురుగా వెళ్లిపోయి, ట్యాంక్‌బండ్ మీద గాలి పోసుకుని వచ్చి, "కాఫీ ఉందేటి" అని అడిగే మనిషి. అలాంటి మనిషికి రిటైరయిన రెండో ఏట, దీపావళి వెళ్లిన వారానికి, పళ్లు తోముకుంటూ ఉండగా కుడి కాలూ కుడి చెయ్యీ చచ్చుబడిపోయాయి. మాట ముద్దయిపోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెడితే, పైకప్పు కేసి చూస్తూ ఒకటే ఏడుపు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవగా నేను చూడలేదు. ఏం చెయ్యాలో తోచక వంటింట్లోకి వెళ్లి నేనూ ఏడిచాను.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకతి వారానికి రెండుసార్లు వచ్చేది. చిన్నపిల్లే గానీ ఉన్నమాట మొహం మీద చెప్పే రకం.

"ఆంటీ, నేను చేయించేది ఎక్సర్‌సైజ్ మాత్రమే. నడక మీరే చేయించాలి. రోజూ, చదునుగా ఉన్నచోట, ఆగకుండా కొంచెం దూరం నడవాలి. ఇంట్లో మంచం చుట్టూ తిరిగితే సరిపోదు. మొదటి ఏడాదిలో ఎంత నడక వస్తే అంతే. ఆ తర్వాత కాలు బిగుసుకుపోతే ఎవరం ఏం చెయ్యలేం" అంది.

ఆయన కుడి కాలికి ఒక ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. పాదం కింద నుంచి మొదలై మడమ వెనకగా పిక్క దాకా వస్తుంది. దాన్ని తొడిగి, పైన బూటు వేసి బిగించాలి. అది లేకపోతే పాదం వేలాడిపోతుంది, వేళ్లు నేలకి తగులుకుని మనిషి బోర్లా పడతాడు. రోజూ పొద్దున్నే నేను నేల మీద కూర్చుని, ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకుని, ఆ పట్టీ తొడిగేదాన్ని. పట్టీ తొడిగాక ఎక్కడికి తీసుకెళ్లాలన్నదే మా బాధంతా.

సందులోకి తీసుకెళితే రెండో రోజే ఒక స్కూటరువాడు మోచేతికి రాసుకుంటూ పోయాడు. పెద్ద పార్కుకి ఆటోలో తీసుకెళ్దామంటే, ఆయన్ని ఆటో ఎక్కించి దింపడానికి ఇద్దరు మనుషులు కావాలి, తీరా అక్కడికి చేరేసరికి ఆయన అలసిపోయి ఇంటికి పోదాం అనేవారు. మా అమ్మాయి ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటుంది. వాళ్ల కాలనీలో నడవడానికి మంచి బాటలున్నాయి. కానీ వాళ్లున్నది రెండు గదుల ఫ్లాటు, అందులో ఒక గదిలో దాని అత్తగారే మంచం మీద ఉన్నారు. "వచ్చేయండమ్మా, ఎలాగోలా సర్దుకుందాం" అని పిల్ల అంటూనే ఉంది. ఎలాగోలా ఎలాగ సర్దుకుంటాం. గోరుచుట్టు మీద రోకటిపోటులా మేం కూడా ఎందుకని ఊరుకున్నాం.

మా సందు చివర ఒక పొడుగాటి గోడ ఉంది. దానికి ఆనుకుని ఇస్త్రీ బండి. ఆ బండి ఆవిడది ఇక్కడే, బొల్లారం దగ్గర పుట్టిల్లు. నాకంటే ఐదారేళ్లు చిన్నదేమో, నన్ను అక్కా అంటుంది. ఎన్నో ఏళ్లుగా మా చీరలు ఆవిడ చేతిలోనే మడతపడ్డాయి. ఒకరోజు బట్టల కోసం నిలబడి, నా గోడు చెప్పుకుంటూ, ఊరికే వెనక్కి తిరిగి చూశాను. బండి వెనకాల, పాత ఫ్లెక్సీలు కప్పేసిన చోట, గోడలో తుప్పు పట్టిన గేటుంది. ఇన్నేళ్లూ అది నా కంట పడలేదు.

"ఇదేటమ్మా ఇక్కడ?" అన్నాను.

"పార్కక్కా."

"పార్కేటి?"

"నా పెండ్లయిన కొత్తల పోరగాండ్లు ఆడుకునేటోళ్లు. తర్వాత తాళమేసిన్రు. ఎందుకేసిన్రో ఎవ్వలకు తెల్వది."

ఫ్లెక్సీ జరిపి లోపలికి చూశాను. మూడు మూలల స్థలం. నడుం ఎత్తు ముళ్ల కంప, ఇల్లు పడగొట్టిన రాళ్లూ ఇటుకలూ, పాత టైర్లు, విరిగిన ఉయ్యాల స్తంభాలు. రెండు కానుగ చెట్లు, ఓ మూల వేపచెట్టు. ఆ చెత్త కింద, గోడ వెంబడి చుట్టూ తిరుగుతూ, సిమెంటు బాట. నడవడానికని ఎవరో ఏనాడో వేసిన బాట. మా ఇంటి నుంచి పిలిస్తే పలికేంత దూరంలో ఇది ఉండగా, నేను మా ఆయన్ని ఆటోల్లోకి ఎత్తి కుదేస్తున్నాను. సంతోషం తర్వాత సంగతి, నాకు ముందు ఒళ్లు మండిపోయింది.

తాళం కోసం వార్డు ఆఫీసుకి తిరిగాను. ఒకాయన ఆ స్థలం మా కిందకి రాదన్నాడు. ఇంకొకాయన వస్తుంది గానీ తాళంచెవి తమ దగ్గర లేదన్నాడు. మూడో ఆయన పాపం మంచివాడు, కుర్చీ వేసి, టీ తెప్పించి, "అమ్మా, దాని గురించి అడిగిన మొదటి మనిషివి నువ్వే" అని ఎంతో మర్యాదగా పంపించేశాడు. తిరిగి తిరిగి కాళ్లు పీక్కుపోయి వచ్చి ఇస్త్రీ ఆవిడతో చెప్పాను. ఆవిడ ఇస్త్రీ పెట్టెలో నిప్పులు బొగ్గుల తట్టలో కుమ్మరించి, ఖాళీ పెట్టెతో తాళం మీద రెండు దెబ్బలు వేసింది. తాళం ఊడి చేతిలోకి వచ్చింది. "గింతదానికి పదిమంది ఆఫీసర్లను పరేషాన్ జేసినవక్కా" అంది.

ఆ తర్వాత చాకిరీ చూడాలి. పొద్దున్నే ఆయనకి ఇడ్లీ పెట్టి, గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని లోపలికి దిగేదాన్ని. ముందు నేనూ ఇస్త్రీ ఆవిడా. రెండు మూడు రోజులు చూసి, మా వాటా పక్కనున్న వాళ్లూ, ఎదురింటి కోడలూ కూడా కొంగులు బిగించి వచ్చారు. ఇటుకలు ఏరాం, గాజు పెంకులు ఏరాం, టైర్లు దొర్లించాం. చెత్త బండివాళ్లని బతిమాలి, టీలు పోసి మోయించాం. నా అరచేతులు బొబ్బలెక్కి, సాయంత్రం చపాతీ పిండి కలపబోతే ప్రాణం పోయేది. ఆయన కుర్చీలోంచి చూస్తూ ఎడమ చేత్తో అటు ఇటు అని చూపించేవారు, మేస్త్రీలాగ. "మీ పెత్తనం మాత్రం ఎక్కడికీ పోలేదు" అంటే సగం పెదవితో నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు.

బాట బయటపడిన రోజున నీళ్లు కొట్టి కడిగాం. మర్నాడు ఆయనకి బూటు తొడిగి, చేతికర్ర ఇచ్చి, నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని మొదలుపెట్టాను. మొదటి మూల దాకా వెళ్లి ఆగిపోయారు. ఊపిరి తీసుకుని మళ్లీ కదిలారు. మొత్తం చుట్టి గేటు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం చెమటతో తడిసిపోయాం. కూర్చోండి అంటే కూర్చోలేదు. మూతి వంకర పెట్టి, కూడదీసుకుని, "ఇంకోటి" అన్నారు.

ఆ ఎండాకాలం గురించి ఎంతసేపైనా చెబుతాను, అంత బాగుంది. రోజుకింత చొప్పున ఆయన నడక పెరిగింది. నా చెయ్యి తీసేశారు, కర్ర ఒకటే చాలింది. సందులో ముసలివాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఇంతమంది ముసలివాళ్లు మా సందులో ఉన్నారని నాకు తెలీదు, అందరూ ఎవరి గదుల్లో వాళ్లు టీవీ ముందు కూర్చుని ఉన్నట్టున్నారు. ఆడవాళ్లు వంటలయ్యాక వచ్చి కానుగ చెట్టు కింద చేరి చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ అత్తగార్లని ఆడిపోసుకునేవారు. ఫిజియో అమ్మాయి ఒకరోజు పని గట్టుకుని వచ్చి చూసి, "ఆంటీ, ఇలాగే నడిస్తే దసరాకల్లా కర్ర కూడా వదిలేస్తారు" అంది. ఆ మాటతో నా కడుపు నిండిపోయింది.

కానీ తెరిచిన చోటు నాకే కాదుగా, అందరికీ తెరిచినట్టే. వేపచెట్టు మూల పైపుల షాపులకి దగ్గర. అక్కడి కూలీలూ, డ్రైవర్లూ, వచ్చిపోయే కొనుగోలుదార్లూ, అందరికీ ఆ మూల కనిపించింది. మగవాళ్లకి గోడ కనిపిస్తే చాలు కదా. వారం తిరిగేసరికి ముక్కు మూసుకోకుండా ఆ మూల దాటలేకపోయాం. బిర్యానీ తిన్న విస్తరాకులు, చికెన్ తోళ్లు కూడా అక్కడే విసిరేసేవారు. ఓ రోజు ఆయన కర్ర ఆ జిగురులో పడి జారింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. దండం పెట్టి చెప్పాం, తిట్టాం. "ఇచ్చట మూత్రము పోయరాదు" అని బోర్డు పెట్టాం. దాని కింద గాడిద బొమ్మ కూడా గీయించాం. ఆ బొమ్మ మీదే పోసిపోయారు.

ఇస్త్రీ ఆవిడ ఆ బోర్డు చూసి నవ్వింది. "ఈళ్లకు బోర్డులు గాదక్కా, బుగులు గావాలె. ఆ చెట్టు కింద ఒక రాయి వెట్టి పసుపు కుంకుమ వెడదాం. ఒక్కడు సుత గటుదిక్కు పోడు" అంది.

నాకూ నవ్వొచ్చింది. దేవుడి భయం పెట్టడం కొత్త ఉపాయమేం కాదు. ఊళ్లో ఎక్కడ చూసినా అంతే, మెట్ల మలుపుల్లో ఉమ్మకుండా దేవుడి బొమ్మల టైల్సు అతికిస్తారు. మన వాళ్లు మనిషి మాట వినరు, దేవుడి మొహం చూసి ఆగుతారు. ఫుట్‌పాత్ తవ్వినప్పుడు ఊడిపోయిన అంచు రాయి ఒకటి, నలుపూ పసుపూ రంగులేసింది, కాలవ పక్కన పడి ఉంది. చెరో పక్కా పట్టుకుని మోసుకొచ్చి వేపచెట్టు మొదట్లో నిలబెట్టాం. నేను ఇంటి నుంచి పసుపు తెచ్చి నీళ్లలో కలిపి ముద్దలా పూశాను. ఆవిడ కుంకుమ పెట్టింది. రెండు బంతిపూలు, ఒక అగరొత్తి. పని ముగించి ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. మా ఆయన కూడా నవ్వారు.

మర్నాడు పొద్దున ఒక లారీ డ్రైవరు లోపలికి వచ్చాడు. అలవాటుగా ఆ మూలకి నడిచి, రాయిని చూసి, ఠక్కున ఆగి, లెంపలేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ మూల ఒక్క చుక్క పడలేదు, ఒక్క ఆకు పడలేదు. వార్డు ఆఫీసు చెయ్యలేని పని చిటికెడు పసుపు చేసిందని నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

తర్వాత ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరో తెలీదు, పొద్దున వెళ్లేసరికి రాయి ముందు చిప్పలున్నాయి. అవి తీసి అవతల పడేశాను. ఇంకో రోజు నిమ్మకాయలు, ఇంకో రోజు ఎర్ర గుడ్డ. ఎదురింటి కోడలికి నెల తప్పిందని, తను రోజూ ఆ రాయికి దండం పెట్టుకునేదని, వాళ్ల అత్తగారు పరవాన్నం వండి పంచింది. నేనూ రెండు చెంచాలు తిన్నాను, యాలకులు వేసి బాగా చేసింది. మనం పెట్టిందే కదా, నలుగురు పూలు పెడితే పోయేదేముంది అనుకున్నాను. మంగళవారాలు జనం పెరిగారు. ఎండకి అమ్మవారు మాడిపోతోందని నాలుగు గొట్టాలు పాతి రేకు వేశారు. ఆ గొట్టాల్లో రెండు బాట మధ్యలోకి వచ్చాయి. ఆయన వాటిని తప్పించుకుంటూ తిరిగారు.

ఆషాఢం వచ్చేసరికి బోనాలు తెచ్చారు. డప్పులు, పోతురాజు, మైకు, సందంతా వేపమండలు. పూనకం వచ్చిన ఒకావిడ, నేను ఇక్కడ ఎన్నో ఏళ్లుగా మట్టి కింద ఉన్నాను, ఈ చోటు నాది అంది. పక్కనే నిలబడి విన్నాను. నా ఒళ్లు జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అంత జనంలో, అన్ని దీపాల మధ్య, మేం కాలవ పక్కనుంచి తెచ్చిన రాయి అనే మాట నా నోట్లోనే ఉండిపోయింది.

శ్రావణంలో గుడి కమిటీ ఏర్పడింది. పైపుల షాపు ఓనరు ఒకాయన దానికి పెద్ద. మనిషి చెడ్డవాడు కాదు, సొంత ఖర్చుతో గ్రానైట్ పరిపించాడు. గోడ నుంచి గోడ దాకా, సిమెంటు బాటతో సహా, మొహం కనిపించేంత నున్నటి నల్ల గ్రానైట్. కూర్చునే సిమెంటు బల్ల తీసేసి హుండీ పెట్టారు. గేటుకి కొత్త రంగు వేసి పక్కన బోర్డు పెట్టారు, చెప్పులు బయట విడువవలెను అని. గాడిద బొమ్మ బోర్డుని పట్టించుకోని జనం ఈ బోర్డుకి ఎంత భక్తిగా లోబడ్డారో చెప్పలేను.

ఆ మర్నాడు ఆయన్ని తీసుకుని వెళితే కమిటీ ఆయన ఎదురొచ్చాడు.

"అమ్మా, బూట్లు బయట ఇడవాలె."

"బూటు కాదు బాబూ, అది ఆయన కాలు. అది లేకపోతే నిలబడలేరు" అన్నాను.

"నాకు తెలుసమ్మా. ఆయన తక్లీఫ్ నాకు తెల్వదా? గని ఒక్కరికి ఒప్పుకుంటే రేపు అందరడుగుతరు. అమ్మవారి ముంగట తోలు బూటు మంచిగుండదు. జెర సమజ్ చేస్కోన్రి."

"ఈ పార్కు తాళం తీయించింది నేను. ఆ రాయి పెట్టింది నేను. పసుపు పూసింది ఈ చేత్తోనే."

కమిటీ ఆయన కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. చేతులు జోడించి, "గట్ల అనొద్దమ్మా. మీరు వెట్టిన్రా? అమ్మవారే మీ చేత వెట్టించుకున్నది. మీ అదృష్టం ఎవ్వలకొస్తది?" అన్నాడు.

 

ఇస్త్రీ ఆవిడ వైపు చూశాను. గేటు పక్కన ఆవిడ బండి మీద ఇప్పుడు బట్టలు లేవు. కొబ్బరికాయలు, పూలు, గాజులు, ఒడిబియ్యం సంచులు. బొగ్గుల పొగ పోయి కాస్త కూర్చుని చేసుకునే పని దొరికింది. ఆవిడ్ని నేను తప్పు పట్టలేను. "నువ్వైనా చెప్పమ్మా, ఆ రాయి ఎక్కడిదో" అన్నాను. ఆవిడ తల దించుకుని దారంలో పూలు గుచ్చుతూ, "మనం వెట్టినప్పుడు రాయే అక్కా. ఇప్పుడు గాదు" అంది. నన్ను మోసం చెయ్యడానికి అన్న మాట కాదది. ఆవిడ నిజంగానే నమ్మింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మాకు పూజారి కూడా లేడు, ఉన్నదంతా మా సందు జనమే. కానుగ చెట్టు కింద నాతో చిక్కుళ్లు ఒలిచిన వాళ్లే, "పోనీలెండి ఆంటీ, దేవుడి దగ్గర పంతం ఎందుకు" అన్నారు. వార్డు ఆఫీసుకి మళ్లీ వెళ్లాను. టీ ఇచ్చిన ఆయనే ఉన్నాడు. "చెత్తకుప్ప అయితే ఏదో చేద్దుమమ్మా. గుడి జోలికి మేం పోలేం" అన్నాడు. కాపలాకి వేసిన కంచె చేను మేసేసింది. కొరివితో తల గోక్కుంది నేనే కాబట్టి ఎవరిని తిట్టాలో తెలీక మా ఆయన్నే విసుక్కునేదాన్ని, పట్టీ బిగించేటప్పుడు కాలు సరిగ్గా పెట్టరేం అని.

అలా రోజూ వెళ్లడం, గేటు దగ్గర వాదించడం, తిరిగి రావడం. ఒక శుక్రవారం బాగా జనం ఉన్నారు. ఆయన్ని గేటు పక్క అరుగు మీద కూర్చోబెట్టి, కమిటీ ఆయనతో గొంతు పెంచి మాట్లాడుతున్నాను. నలుగురూ చూస్తున్నారు. ఇంత గొడవ తన కాలి గురించేనని ఆయనకి తెలుసు కదా. నేను చూడకుండా ఎడమ చేత్తో బూటు ఊడదీసుకున్నారు, పట్టీ ఊడదీసుకున్నారు. అవి రెండూ చెప్పుల వరసలో బుద్ధిగా పెట్టారు. కర్ర పట్టుకుని లోపలికి వెళ్లారు.

నేను తిరిగి చూసేసరికి గ్రానైట్ మీద ఉన్నారు. అభిషేకం నీళ్లతో నేలంతా తడి. ఎడమ కాలు వేశారు, కుడి కాలు లాగారు, మళ్లీ ఎడమ కాలు వేశారు. కుడి పాదం వేళ్లు మడతపడ్డాయి. కర్ర జారింది. ఆ రాయికి ఎదురుగా, ఎడమ చెయ్యి ముందుకి చాచి, బోర్లా పడిపోయారు.

చుట్టూ ఉన్నవాళ్లు సాష్టాంగ నమస్కారం చేస్తున్నారనుకున్నారు. ఒకావిడ దారి ఇస్తూ పక్కకి జరిగింది. ఎవరో గంట కొట్టారు. ఒకాయన తన పిల్లవాడి తల వంచి, తాతని చూసి నేర్చుకో అన్నాడు. నేను గేటు దగ్గర నుంచి అరుచుకుంటూ పరిగెత్తాను. నన్ను చూసి కూడా పూనకం వచ్చిందనుకున్నారేమో, తోవ ఇచ్చారు. ఆయన మొహం నేలకి ఆని ఉంది. లేవలేక, మాట రాక, ఎడమ చేత్తో నేలని తడుతున్నారు. ఒక్కరు కూడా ఆయన్ని లేపలేదు. దండం పెట్టుకునే మనిషిని మధ్యలో ఎవరు లేపుతారు.

ఎముకలు విరగలేదు. పెదవి చిట్లింది, మోకాలు వాచింది. కమిటీ ఆయనే ఆటో పిలిచి, ఆస్పత్రికి తోడు వచ్చి, ఎంతో బాధపడ్డాడు. అమ్మవారి దయవల్ల పెద్ద దెబ్బ తగల్లేదన్నాడు. వాపు తగ్గింది గానీ, ఆయనలో భయం మాత్రం అలాగే ఉండిపోయింది. బూటు తీసుకుని దగ్గరికి వెళితే చాలు, కాలు దగ్గరికి లాక్కుని, "వద్దు" అంటారు. జబ్బు చేశాక ఆయన నోటి నుంచి స్పష్టంగా వచ్చే మాట అదొక్కటే. బతిమాలాను, తిట్టాను, అన్నం పెట్టనని బెదిరించాను. అన్నం కూడా వద్దన్నారు. మొన్న ఫిజియో అమ్మాయి వచ్చి మోకాలు వంచబోతే, అది సగంలోనే ఆగిపోయింది. ఎప్పుడూ వాగుతూ ఉండే పిల్ల, చేతులు కడుక్కుని, వస్తానాంటీ అని వెళ్లిపోయింది. ఏడాది నిండడానికి ఇంకెంతో లేదు.

జనం ఉండని రోజు చూసుకుని, తెల్లారగానే నేను ఒక్కదాన్నే వెళ్లాను. రాయిని పీకేద్దామనే వెళ్లాను, ఆ మాట దాచను. చెప్పులు బయటే విడిచాను, అలవాటైపోయింది. వెండి కళ్లు అతికించారు, పట్టు గుడ్డ కట్టారు, చుట్టూ సిమెంటు పోశారు. రెండు చేతులూ వేసి ఊపాను. మళ్లీ ఊపాను. గోళ్లలోకి పసుపు దిగింది గానీ అది కదల్లేదు. ఇద్దరాడవాళ్లం నవ్వుకుంటూ మోసిన రాయి, అంగుళం కదల్లేదు.

వెనక నుంచి చప్పుడైంది. ఇస్త్రీ ఆవిడ, పూల బుట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నేనేం చేస్తున్నానో చూసింది. అరుస్తుందనుకున్నాను, నలుగురినీ పిలుస్తుందనుకున్నాను. బుట్ట కింద పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని, తన కొంగుతో పసుపు తుడిచింది. "ఇంటికి పో అక్కా. బావ ఒక్కడే ఉంటడు" అంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. తర్వాత అవతలికి వెళ్లి పూలు సర్దుకుంది.

వెళ్లబోయాను గానీ కాళ్లు రాలేదు. ఇంటికి వెళ్లి ఆయనకి ఏం చెప్పాలి. ఆఫీసుని అడిగాను, కమిటీని అడిగాను, సందులో ప్రతి గడపా ఎక్కి అడిగాను. అడగనిది ఇంక అదొక్కటే మిగిలింది. చేతులు జోడించాను. ఆయనకి కాళ్లు రావాలని మొక్కుకోలేదు. సిటీ బస్సులో సీటంతా ఆక్రమించి కూర్చున్న ఆవిడని అడిగినట్టు, మెల్లగా అడిగాను.

అమ్మా, కొంచెం జరుగు. మా ఆయన నడవాలి.